మూడు మఠాలు, ఒక ఫాదర్ల ఇల్లు కలిసి పనిచేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి?

కొండకింద టీచర్:

అందరికీ నమస్కారం. నేను గుణుపురం దగ్గర ఒక చిన్న స్కూల్లో లెక్కలు చెప్తాను. మేం తెలుగువాళ్లం, తాతగారి కాలం నుంచి వంశధార ఒడ్డునే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిల్లలతో రెండూ. మా విచారణలో, అంటే మా గుడి కింద ఉన్న ఊళ్లన్నిటిలో, సవర ఆదివాసీలు ఎక్కువ, ఒడియావాళ్లు కొందరు, తెలుగు కుటుంబాలు ఓ ఇరవై దాకా ఉంటాయి.

సంగతేంటంటే మా చుట్టుపక్కల మూడు వేర్వేరు మఠసభల సిస్టర్లు ఉన్నారు. ఒకరు ఆడపిల్లల హాస్టల్ నడుపుతారు, ఒకరు చిన్న డిస్పెన్సరీ, ఇంకొకరు కొండమీది ఊళ్లలో మహిళా సంఘాలతో తిరుగుతారు. ఫాదర్లది ఇంకో సభ. ఇన్నేళ్లూ పండగలకి కలిసి భోంచేయడం తప్ప ఎవరి పని వాళ్లదే. ఈమధ్య అందరూ కూర్చుని న్యాయం, శాంతి, సృష్టి పరిరక్షణ, ఈ మూడింటి మీద ఇకనుంచి కలిసి పనిచేద్దామని అనుకున్నారు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో దీన్ని జేపీఐసీ అంటారట. మఠం బయటివాళ్లు కూడా ఉండాలని నన్ను చేర్చుకుని, విచారణలో జనానికి తెలుగులో, ఒడియాలో చెప్పే బాధ్యత నాకు అప్పగించారు.

మొదటి మీటింగ్ రెండు గంటలు జరిగింది. అందులో సగం సేపు బ్యానర్ మీద ఏం రాయాలన్నదే, మిగతా సగం సృష్టి కాలంలో, అంటే సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 లోపల, మొక్కలు ఏ ఆదివారం నాటాలన్నదే. ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా క్లాసులో దసరా సెలవుల తర్వాత ఏడుగురు పిల్లలు తిరిగి రాలేదు, అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకి వెళ్లిపోయారు. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా వరసగా ఎర్ర గీతలే. పేరు కొట్టేయమని పైనుంచి చెప్తారు, నాకు చెయ్యి రాదు, వానలు పడితే వస్తారు కదా అని అలాగే ఉంచుతాను. ఆ గీతలు చూస్తూ బ్యానర్ రంగు గురించి మాట్లాడటం నావల్ల కాలేదు.

ఇంకోపక్క పూజ అయ్యాక పెద్దలు నన్ను ఆపి, మొక్కలు నాటితే నాటండమ్మా, కొండ భూముల సంగతి, కూలీల సంగతి మనకెందుకు, గుడి పని గుడిది అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇది నిజంగా తిరుసభ చెప్పిన పనేనా, లేక ఈమధ్య వచ్చిన పోకడా? వేర్వేరు సభలు కలిసి చేసిన చోట అసలు ఏం చేశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి సిస్టర్:

టీచర్ గారూ, మీ హాజరు పట్టీ గురించి చదివి రెండుసార్లు ఆగాను. నేను రాయగడ వైపు ఉంటాను, మఠంలో చేరి ఇరవై ఆరేళ్లు.

ముందు పెద్దలకి జవాబు. ఇది కొత్త పోకడ కాదండి. పనివాళ్ల కూలి, సంఘం పెట్టుకునే హక్కు గురించి పదమూడవ లియో పాపుగారు 1891లోనే విశ్వలేఖ, అంటే తిరుసభ అంతటికీ పంపే లేఖ, రాశారు. న్యాయం, శాంతి కోసం ఆరవ పౌలు పాపుగారు 1967లో వాటికన్‌లో ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టారు. 1971లో బిషప్పుల మహాసభ, న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగం అని రాసింది. గుడి పని గుడిది అన్నవాళ్లకి ఈ ఒక్క మాట చదివి వినిపించండి. సృష్టి అనే మూడో మాట మన కతోలికుల దగ్గర మాత్రమే పుట్టింది కూడా కాదు, ప్రపంచ చర్చీల మండలి 1983లో వాంకూవర్ సభలో ఈ మూడింటినీ ఒక తాటి మీదకి తెచ్చింది, తర్వాత మన మఠసభలు అందుకున్నాయి. ఇప్పుడు రోములో స్త్రీ మఠసభల పెద్దల సమాఖ్య, పురుష మఠసభల పెద్దల సమాఖ్య కలిసి ఒకే జేపీఐసీ కమిషన్ నడుపుతున్నాయి.

2015లో సృష్టి పరిరక్షణ మీద ఫ్రాన్సిస్ పాపుగారి విశ్వలేఖ లౌదాతో సీ వచ్చింది. అందులో 219వ పేరా మీ కమిటీలో అందరూ చదవాలి. సమాజానికి వచ్చిన కష్టాలు ఒక్కొక్కరు విడిగా చేసే మంచి పనులతో తీరవు, సంఘాలు ఒకదానికొకటి అల్లుకోవాలి అని దాని భావం. కలిసి ఎందుకు చేయాలన్నదానికి నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

ఇక ఏం చేశారు అన్నారు కదా. మాకు జరిగింది చెప్తాను. మా దగ్గర ఒక పొడుగు లెక్కల పుస్తకం ఉంది, సావుకార్లు వాడే రకం, ఎర్ర గుడ్డ అట్ట. దసరాకి ముందు మహిళా సంఘం మీటింగులో దాన్ని మధ్యలో పెడతాం. వలస వెళ్లేవాళ్లు చెప్తే రాసుకుంటాం: పేరు, ఊరు, ఎవరు తీసుకెళ్తున్నారు, అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు, ఏ రాష్ట్రం, బట్టీ ఉన్న ఊరి పేరు తెలిస్తే ఆ పేరు, ఒక ఫోన్ నంబర్, వెంట పిల్లలు ఎంతమంది. వెళ్లొద్దని చెప్పం. అప్పు తీర్చేది మేం కాదు కాబట్టి ఆ మాట అనే హక్కు మాకు లేదు. చదువు రానివాళ్లు పేరు పక్కన వేలిముద్ర వేస్తారు. ఎవరూ వేయమనకపోయినా మొదటి ఏడాది ఒక ముసలమ్మ వేసింది, అప్పటినుంచి అదే అలవాటు.

ఒక జనవరిలో రాత్రి ఒంటిగంటకి ఫోన్. పక్క రాష్ట్రంలో బట్టీ దగ్గర ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, తీసుకున్న డబ్బుకి సరిపడా ఇటుక తీసేదాకా ఎవర్నీ గేటు దాటనివ్వం అంటున్నారు. ఆ జిల్లాలో మా సభవాళ్లు ఒక్కరూ లేరు. మదర్ గారు సభల డైరెక్టరీ తీసి వేలుపెట్టి వెతికితే అక్కడికి దగ్గర్లో వేరే సభవాళ్ల ఆసుపత్రి ఉందని తేలింది. వాళ్లెవరో మాకు తెలీదు, మేమెవరో వాళ్లకి తెలీదు. ఫోన్ ఎత్తిన సిస్టర్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, బట్టీ ఎక్కడ అని మాత్రం అడిగి జీపు తీసుకుని బయల్దేరింది. తెల్లారేసరికి పాప పుట్టింది.

మర్నాడు వాళ్ల లాయరొకాయన మాకు చెప్పింది ఇది. అడ్వాన్స్ ఇచ్చి మనిషిని కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది, 1976 చట్టం ప్రకారం అలాంటివాళ్లని విడిపించాల్సింది జిల్లా కలెక్టర్. అర్జీ పెట్టి విడుదల పత్రం తీసుకోవాలి, ఆ కాగితంతో అప్పు రద్దయినట్టే. ఆ కాగితం లేకుండా మనుషుల్ని ఇంటికి తెచ్చేస్తే మర్నెల సర్దార్, అంటే అడ్వాన్స్ ఇచ్చి కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ, వచ్చి మళ్లీ అదే బాకీ అడుగుతాడు. మేం అంతకుముందు రెండుసార్లు ఆ తప్పు చేశాం.

మా కలిసి పనిచేయడం అలా మొదలైంది. ఇప్పుడు ఆ పుస్తకంలోని పేజీలు ఫోటో తీసి, మనవాళ్లు ఏ జిల్లాకి వెళ్తున్నారో ఆ జిల్లాలో ఉన్న మఠానికి ముందే పంపుతాం, సభ ఏదైనా సరే. ఆడపిల్లల అక్రమ రవాణా మీద సిస్టర్లు 2009 నుంచి తలితా కుమ్ అనే పేరుతో దేశదేశాల్లో ఇలాంటి అల్లికే నడుపుతున్నారు. బైబిల్లో యాయీరు అనే ఆయన కూతురితో ఏసు అన్న మాట అది, చిన్నదానా లే అని. ఒక్కో సభకి ఒక్కో పిలుపు ఉంటుంది, ఒకరిది వైద్యం, ఒకరిది చదువు. కష్టంలో ఉన్న మనిషికి మాత్రం అన్నీ ఒకేసారి కావాలి.

పాత ఉపదేశి:

అమ్మా టీచరమ్మా, నేను నలభై ఏళ్లు ఉపదేశిగా, అంటే ఊళ్లలో ప్రార్థన నడిపి బోధించేవాడిగా, చేశాను, ఇప్పుడు బరంపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మీ పెద్దలు మనకెందుకు అన్నారని వాళ్లని తప్పుపట్టకండి. 2008లో నేను కంధమాల్ వైపే ఉన్నాను. అక్కడ క్రైస్తవుల మీద దాడులు జరిగిన ఆ ఆగస్టులో పది రోజులు అడవిలో పడుకున్నవాడికి, గుడి పేరుతో ఏ కొత్త కమిటీ పెట్టినా ముందు గుండె దడ వస్తుంది. అది బద్ధకం కాదమ్మా.

ఒడిశాలో మతమార్పిడి మీద చట్టం 1967 నుంచి ఉంది. బియ్యం బస్తా ఇచ్చినా ఎవడో ఒకడు దానికి వేరే అర్థం తీస్తాడు. అందుకని నేను నేర్చుకున్నది చెప్తాను. సాయం చేసే చోట ప్రార్థన పెట్టొద్దు. మీ పుస్తకంలో మతం గడి ఉండకూడదు. ఊరికి వెళ్తే ముందు ఊరి పెద్ద దగ్గర కూర్చోండి, మన క్రైస్తవ ఇంట్లో కాదు. డబ్బు లెక్క గోడ మీద రాయండి, రూపాయితో సహా, దారిన పోయేవాడు కూడా చదువుకునేట్టు. కమిటీలో సగం మంది మన గుడివాళ్లు కానివాళ్లు ఉండేట్టు చూడండి.

ఇంకోటి. న్యాయం అంటారు, పర్యావరణం అంటారు, మధ్యలో శాంతి అన్న మాట మీద నుంచి దాటేస్తారు. గొడవలయ్యాక మా దగ్గర రెండు ఊళ్లు ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. శాంతి కమిటీలని పెట్టారు, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత పసుపు తవ్వే రోజులొచ్చాయి. పసుపు ఉడకబెట్టే పెద్ద బాణలి ఒక ఊళ్లో ఉంది, పుల్లలు తెచ్చుకునే అడవి ఇంకో ఊరి వైపు ఉంది. ఇద్దరు సిస్టర్లు, ఇద్దరూ వేర్వేరు సభలవాళ్లే, ఒకావిడ ఒక ఊళ్లో, ఇంకొకావిడ రెండో ఊళ్లో ఆడవాళ్లతో మాట్లాడి ఒకే పొయ్యి మీద వంతులవారీగా ఉడకబెట్టేట్టు ఒప్పించారు. మొదటిరోజు ఎవరి బుట్ట వాళ్లు పట్టుకుని దూరదూరంగా నిలబడ్డారు. కొమ్ము ఉడికిందా లేదా అని పుల్లతో గుచ్చి చూడాలి కదా, ఒకామె గుచ్చి పక్కామెకి చూపించింది, ఇంకాసేపు ఉంచు అంది రెండో ఆమె. అప్పటికి ఏడాదిన్నరైంది వాళ్ల మధ్య మాట ఆగి. నేను పక్కనే పుల్లలు ఎగదోస్తూ ఉన్నాను, నా కళ్లలో నీళ్లు పొగవల్లే వచ్చాయని చెప్పాను అప్పుడు.

మీ పెద్దల్ని కూడా అలా ఏదైనా చేతిపనిలోకి పిలవండి, మీటింగుకి కాదు.

కాశీనగర్ రైతు:

నేను క్రైస్తవుణ్ణి కాదు, పర్లాకిమిడి పక్కన నాలుగెకరాల రైతుని. మా ఊరి నుంచి కూడా బట్టీలకి వెళ్తారు కాబట్టి రాస్తున్నాను. మనుషులు ఊరు వదిలి ఎందుకు వెళ్తున్నారో చూడకుండా పుస్తకం ఒక్కటే రాస్తే ఏటా కొత్త పుస్తకం కొనాల్సి వస్తుందండి. సిస్టర్ గారు చేసింది తక్కువ అనడం లేదు, దానికి ముందు జరిగేది చెప్తున్నాను.

మా చిన్నప్పుడు కొండవాలు పోడులో చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు, కందులు, జొన్న అన్నీ కలిపి జల్లేవాళ్లు. ఒకటి పోతే ఒకటి చేతికొచ్చేది, అంబలికి లోటు ఉండేది కాదు. ఇప్పుడు అదే వాలు మీద పత్తి. విత్తనం అప్పు, ఎరువు అప్పు, గడ్డిమందు అప్పు. ఆ గడ్డిమందు కొట్టాక గట్టు మీద ఆకుకూర కూడా మొలవదు. వాన తప్పితే అప్పు తీర్చడానికి ఒకటే దారి, సర్దార్ దగ్గర అడ్వాన్స్. పర్యావరణం వేరు, కూలీల సంగతి వేరు అనుకునేవాళ్లు ఒక్క ఇంటి లెక్క రాసి చూడండి, రెండూ ఒకే పేజీలో వస్తాయి. నేను మీ పాపుగారి లేఖ చదవలేదు గానీ అందులో ఆయనా ఇదే అన్నాడని మా ఊరి ఫాదర్ చెప్పారు, రెండు వేర్వేరు సంక్షోభాలు లేవు, ఉన్నది ఒక్కటే అని.

మొక్కల సంగతికి వస్తే, దయచేసి నీలగిరి నాటకండి. పనస, చింత, ఇప్ప, ఉసిరి నాటండి. అడ్డతీగ ఉన్నచోట కాపాడండి, విస్తరాకులు కుట్టుకుని బతికే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. నాటడం కన్నా ముందు ఊటలు చూడండి. కొండ ఊళ్లలో ఊటనీటిని పైపు వేసి పల్లానికి దింపుకుంటే కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. కానీ ఊట పైన చెట్టు కొట్టేస్తే మాఘమాసానికే ఎండిపోతుంది. 2018లో తిత్లీ తుపానుకి మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి, మనుషులు పోయారు. ఆ రాత్రి తర్వాత కొండ మీది చెట్టుని చూసే చూపే మారిపోయింది నాకు. చిరుధాన్యాలకి ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మిషన్ నడుపుతోంది, రాయగడ, గజపతి రెండూ అందులో ఉన్నాయి, మండీలో చోళ్లు మద్దతు ధరకి కొంటారు. సిస్టర్ల మహిళా సంఘాలు అక్కడ పేర్లు నమోదు చేయించగలవు, ఇది వెంటనే చేతికొచ్చే పని.

పెద్ద పని ఇంకొకటుంది, అటవీ హక్కులు. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీకి నాలుగు హెక్టార్ల దాకా పట్టా రావాలి. ఊరంతటికీ కలిపి అడవి మీద సామూహిక హక్కు కూడా అడగొచ్చు, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆదివాసీలు కానివాళ్లయితే మూడు తరాలు, అంటే డెబ్బై ఐదేళ్లు అక్కడే ఉన్నట్టు చూపించాలి, మీ విచారణలో ఉన్న దళిత కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. అర్జీ కొట్టేస్తే అరవై రోజుల్లో పై కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పేవాళ్లు లేక కాగితం మడిచి చూరులో పెట్టేస్తారు. పాత గుడి రిజిస్టర్లలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు ఊరి పేరుతో సహా ఉంటాయి కదా, ఆ కుటుంబం ఎన్నేళ్ల నుంచి ఆ ఊళ్లో ఉందో చెప్పడానికి అదీ ఒక ఆధారంగా పెట్టి చూడండి, ముసలివాళ్ల వాంగ్మూలం కూడా జత చేసి.

పల్లీసభకి, అంటే ఒడిశాలో ఊరి గ్రామసభకి, ఎంత బలం ఉందో రాయగడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి మీద పన్నెండు పల్లీసభలు జరిగాయి, రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. అక్కడ మాట్లాడింది ఆ కొండ మీది డొంగ్రియా కోందు ఆదివాసీలే, వాళ్ల భాషలో వాళ్లే. బయటివాళ్లు ఎంత మంచివాళ్లయినా వెనకే కూర్చోవాలి.

భాష అన్నాను కాబట్టి ఒక మాట. మా పర్లాకిమిడిలో బడి చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. వంద ఏళ్లు దాటింది. టీచర్ గారూ, తెలుగులో, ఒడియాలో చెప్తానన్నారు, మీ విచారణలో ఎక్కువమంది సవరలంటున్నారు. వాళ్లకి ఎవరు చెప్తారు?

బట్టీ పిల్లాడు:

నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్‌ని. మూడో క్లాసు, ఐదో క్లాసు రెండూ బట్టీలోనే పోయాయి నాకు. మట్టి ముద్దలు అచ్చులో కొట్టేది అమ్మ, ఆరిన ఇటుక తిరగేసేది మేం పిల్లలం, చిన్న చేతులైతే అంచు విరగదని. టీచర్ గారు పేరు కొట్టేయలేదని చదివాను. మా మాస్టారు కూడా కొట్టేయలేదు, అందుకే తిరిగొచ్చాక మళ్లీ కూర్చోగలిగాను. పుస్తకంలో పిల్లలు ఎంతమంది అని కాకుండా, ఏ క్లాసు, ఏ భాషలో చదువుతున్నారు అని కూడా రాయండి. అక్కడ ఎవరైనా సిస్టర్ సాయంత్రం వచ్చి కూర్చోబెట్టినా ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది. మాకు ఒకావిడ వచ్చేది, మంచి మనిషి, కానీ మాకు రాని భాషలో చెప్పేది, మేం బిస్కెట్లు తిని నవ్వుకుంటూ వచ్చేసేవాళ్లం.

కొండకింద టీచర్:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. నిన్న రెండో మీటింగ్ జరిగింది. మీ జవాబులు ప్రింట్ తీసి తీసుకెళ్లి చదివాను. ఉపదేశి గారి పసుపు సంగతి చదువుతుంటే డిస్పెన్సరీ సిస్టర్ కళ్లు తుడుచుకున్నారు, ఆవిడది కంధమాలే అని నాకు నిన్నే తెలిసింది, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

కాశీనగర్ అన్నగారి ఆఖరి ప్రశ్న నాకు సూటిగా తగిలింది. నేను పుట్టినప్పటినుంచి సవరల మధ్య ఉన్నాను, లెక్కపెట్టడం, నీళ్లు, అన్నం తప్ప మాటలు రావు. కమిటీలో ఒక్క సవర మనిషి కూడా లేరని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. పై ఊరి మహిళా సంఘం నుంచి ఇద్దర్ని, ఊరి పెద్దని, ఇంకా గుడితో సంబంధం లేని ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారిని పిలవాలని నిర్ణయించాం. మీటింగ్ కూడా ఇకనుంచి మఠం హాల్లో కాదు, పై ఊళ్లో చింతచెట్టు కింద.

బ్యానర్ వదిలేశాం. మొక్కల ఆదివారం ఉంచాం, కాకపోతే గుడి ఆవరణలో కాదు, పై ఊరి ఊట చుట్టూ, ఏ చెట్టు కావాలో ఆ ఊరివాళ్లనే అడిగి. వద్దన్న పెద్దల్లో ఇద్దరు గుంతలు తవ్వడానికి వస్తామన్నారు. భూముల సంగతి మాత్రం వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, ఫాదర్ పాత రిజిస్టర్లు తీసి చూస్తానన్నారు, అంతవరకే ఉంది.

పుస్తకం కొన్నాను, మాకు నీలం అట్టదే దొరికింది. ఈ ఏడాది దసరాకి ఇంకా రోజులున్నాయి కాబట్టి ఈలోపు ఊరూరా తిరగాలి. సిస్టర్ గారూ, ఒక సందేహం. సర్దార్ పేరు రాయమంటే జనం భయపడరా? అతను కూడా అదే ఊరివాడు, ఒక్కోసారి సొంత మేనమామ.

నాగావళి సిస్టర్:

భయపడతారండి. మొదటి ఏడాది మా పుస్తకంలో ఆ గడి దాదాపు ఖాళీ. బలవంతం చేయకండి, ఫోన్ నంబర్ ఒక్కటి తీసుకోండి, అది చాలు. రెండో ఏడాది వాళ్లే చెప్తారు. ఒక సర్దార్ అయితే స్వయంగా వచ్చి, నా మనుషుల పేర్లు కూడా రాయండి సిస్టర్, అక్కడ ఓనర్ నాకూ డబ్బు ఎగ్గొడుతున్నాడు అన్నాడు. అతని పేరు ఇప్పుడు మొదటి పేజీలో ఉంది.

పుస్తకం మఠంలో ఒకటే ఉంచకండి, నకలు మహిళా సంఘం దగ్గర కూడా ఉండాలి. సిస్టర్లకి ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి, ఊరివాళ్లు అక్కడే ఉంటారు. మీవాళ్లు ఏ జిల్లాలకి వెళ్తున్నారో తెలిశాక ఇక్కడే రాయండి, ఆ చుట్టుపక్కల ఎవరెవరు ఉన్నారో నేను డైరెక్టరీ చూసి చెప్తాను.